సీటు మనకు రిజర్వు, మరి ఖర్చు ఎవరికి రిజర్వు?

ఎన్నికలు ఇంకా ఆరు నెలలు ఉన్నాయనగానే ఏజెన్సీలో ఒక ప్రశ్న మొదలవుతది. "ఆయన ఎంత పెట్టుకోగలడు?" పోడు పట్టాల కోసం ఐటీడీఏ ముందు ఎన్ని రోజులు కూర్చున్నాడు, పెసా చట్టంలో ఏముందో తెలుసా, గూడెంలో మలేరియా వస్తే అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతాడా... ఇవన్నీ తర్వాతి సంగతి. పార్టీ ఆఫీసులో కూర్చున్న పెద్దలు ముందు అడిగేది ఆ ఒక్కటే. ఆ ప్రశ్నకు మన గూడెంలో పుట్టి, డిగ్రీ చదివి, ఉపాధి హామీ పనికి పోయే తమ్ముడు ఏం జవాబు చెప్తాడు? చెల్లెలు ఏం చెప్తది? తల దించుకుని బయటికి వస్తారు. లేదంటే "పెట్టుకునే మనిషి నా వెనుక ఉన్నాడు" అంటారు. ఈ రెండో జవాబు గురించే ఈ వ్యాసం.

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు 7 అసెంబ్లీ సీట్లు ఉన్నాయి. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. తెలంగాణలో 12. ఆదిలాబాద్ వైపు ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ నుంచి ఇటు భద్రాచలం, పినపాక, అశ్వారావుపేట దాకా. ఎంపీ సీట్లు అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్. ఈ సీట్లలో నామినేషన్ వేసే మనిషి ఎస్టీ అయి ఉండాలని చట్టం చెప్తది. ఆ మనిషికి పైసలు పెట్టేవాడు ఎవరై ఉండాలో ఏ చట్టమూ చెప్పలేదు. అసలు తిరకాసు అంతా ఇక్కడే ఉంది.

ఎన్నికల సంఘం లెక్క ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో ఎమ్మెల్యే అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. ఎంపీ అభ్యర్థి 95 లక్షలు దాటకూడదు. 2022 జనవరికి ముందు ఇవి 30.8 లక్షలు, 77 లక్షలు. ధరలు పెరిగాయని పెంచారు. మన మీద దయతో డిపాజిట్ మాత్రం సగానికి తగ్గించారు. అసెంబ్లీకి జనరల్ అభ్యర్థి 10,000 కడితే మనం 5,000 కడితే చాలు. మనం పేదవాళ్ళమని చట్టానికి తెలుసన్నమాట! కానీ ఆ తెలివి డిపాజిట్ దగ్గరే ఆగిపోయింది. 5,000 కట్టి బయటికి వచ్చిన క్షణం నుంచి డీజిల్ రేటు మనకూ అదే, ఫ్లెక్సీ రేటు అదే, జీపు కిరాయి అదే. పైగా మైదానంలో ఒక్క రోడ్డు మీద పది ఊళ్ళు తగులుతాయి. మన దగ్గర వాగు దాటి, గుట్ట ఎక్కి పోతే ముప్పై ఇళ్ళ గూడెం ఒకటి తగులుతది. అరకు ఎంపీ సీటు చూడండి. ఒక కొసన పాలకొండ, ఇంకో కొసన గోదావరి ఒడ్డున రంపచోడవరం, పోలవరం ముంపు మండలాలు. అక్కడా 95 లక్షలే, పట్నంలో పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి చుట్టి వచ్చే సీటులోనూ 95 లక్షలే.

అట్లని ఈ పరిమితిని ఎవరైనా పాటిస్తున్నారా అంటే, కాగితం మీద అందరూ పాటిస్తున్నారు. ఏడీఆర్ సంస్థ ప్రతి ఎన్నిక తర్వాత లెక్కలు తీస్తది. గెలిచినవాళ్ళు చూపించే సగటు ఖర్చు పరిమితికి చాలా కిందనే ఉంటది. 2022 మునుగోడు ఉపఎన్నికను కళ్ళతో చూసిన రాష్ట్రంలో ఈ లెక్కలు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇందులో దొంగ లెక్కలు ఒక భాగమే. పెద్ద తూటును చట్టంలోనే పెట్టారు. ఆ కథ మన పిల్లలందరికీ తెలియాలి. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రాసింది జస్టిస్ పి.ఎన్. భగవతి. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి ఖర్చులోనే కలపాలని, లేకుంటే పరిమితికి అర్థమే లేదని దాని సారం. న్యాయంగా ఉంది కదా? కొన్ని వారాల్లోనే కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు వివరణ తగిలించి ఆ తీర్పును పనికిరాకుండా చేసింది. 2003లో ఆ వివరణను కొంత బిగించారు. కానీ స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు ఇప్పటికీ అభ్యర్థి లెక్కలోకి రాదు. పార్టీ తన మొత్తం ప్రచారానికి ఎంత పెట్టాలన్న దానికి పరిమితే లేదు. హెలికాప్టర్ వచ్చి మన ఆశ్రమ పాఠశాల గ్రౌండులో దిగితే ఆ దుమ్ము మనకు, ఖర్చు పార్టీకి, అభ్యర్థి ఖాతాలో సున్నా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఎక్కువ ఖర్చు పెట్టేవాడు ఓట్లు కొంటాడని అందరూ అంటారు. నేను చూసింది దానికంటే ముందు జరిగే సంగతి. ఒకడి ఖర్చు ఇంకొకడి చందాను ఎండబెడుతది.

2019 పరిషత్ ఎన్నికల్లో మా వైపు ఒక అన్న ఎంపీటీసీకి స్వతంత్రంగా నిలబడ్డాడు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నా. వేసవి సెలవులు, తునికాకు కోత రోజులు. మేము పది పన్నెండు మందిమి డబ్బా పట్టుకుని గూడెం గూడెం తిరిగాం. మొదటి వారం బాగా వచ్చింది. ఆకు కట్టలు అమ్ముకున్న అక్కలు ఇరవై, యాభై ఇచ్చారు. ఒక ముసలాయన కుంచెడు బియ్యం పోశాడు. మనవాళ్ళే ఒక టీచరు, ఒక ఫారెస్ట్ బీట్ ఆఫీసరు తలా ఐదు వేలు ఇస్తామన్నారు. వారం తిరిగేసరికి 23 వేలు అయ్యాయి. మేమైతే గెలిచేసినట్టే ఎగిరాం.

తర్వాత అవతలి అభ్యర్థి దిగాడు. ఆయనా మనోడే, మన కులపోడే. కానీ ఆయన వెనుక మండల కేంద్రంలో సిమెంటు షాపు, రెండు జేసీబీలు ఉన్న ఒకాయన ఉన్నాడు. ఒక్క రాత్రి రెండు గూడేలలో డీజే పెట్టారు, మేకలు కోశారు. మా 23 వేలు ఆ ఒక్క రాత్రికి కూడా సరిపోవు. తెల్లారి మేము డబ్బాతో పోతే, నిన్న ఇరవై ఇచ్చిన అక్కే నవ్వింది. "మీరు గెలిచేటట్టు లేరురా అయ్యా, ఈ పైసలు మీ చదువులకు దాచుకోండి" అంది. ప్రేమతోనే అంది. ఐదు వేలు ఇస్తానన్న ఉద్యోగుల్లో ఒకాయన ఫోన్ ఎత్తలేదు. ఇంకొకాయన ఎత్తి, "తమ్ముడూ, రేపు ఆయన గెలిస్తే నన్ను ట్రాన్స్‌ఫర్ చేయించడా" అన్నాడు. రెండో వారం మా డబ్బాలో పడింది 1,100 రూపాయలు.

అవతలివాళ్ళు ఇంకా ఒక్క ఓటూ కొనలేదు అప్పటికి. డీజే మోత, మేకల వాసన, అంతే. కానీ ఆ ఖర్చు ఊరికంతా ఒక కబురు పంపింది, గెలిచేది ఈయనే అని. గెలిచే గుర్రం ఏదో తేలాక చందా దాని వెనుకే పోతది. ఇసుక లారీల ఓనరు అటే ఇస్తాడు, ఎరువుల షాపాయన అటే ఇస్తాడు, పాత కాంట్రాక్టు బిల్లులు రావాల్సినాయన అటే ఇస్తాడు. ఖర్చు చందాను తెస్తది, చందా మళ్ళీ ఖర్చు అవుతది, ఆ ఖర్చు ఇంకా పెద్ద చందాను తెస్తది. మొదటి మేకకు పైసలు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళ దగ్గరే ఈ చక్రం మొదలవుతది. మన దగ్గర మొదలు కాదు.

ఎంపీటీసీకే ఇట్లా ఉంటే ఎమ్మెల్యేకు ఎట్లా ఉంటదో మీరే ఊహించుకోండి.

మరి మొదటి మేకకు పైసలు పెట్టేవాళ్ళు ఎవరు? షెడ్యూల్డ్ ఏరియాలో భూమి మన చేతుల్లోంచి పోకుండా 1959 రెగ్యులేషన్ ఉంది, దాన్ని గట్టి చేసిన 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుడు ఇక్కడ భూమి కొనలేడు. గనుల లీజు ప్రైవేటు కంపెనీకి ఇవ్వకూడదని 1997లో సమత తీర్పు వచ్చింది. ఇసుక రీచ్‌లు ఆదివాసీ సొసైటీలకే. ఇన్ని అడ్డంకులు ఉన్న చోట వ్యాపారం చేయాలంటే ఒక ఆదివాసీ సంతకం కావాలి. సొసైటీ పేరు మనది, జేసీబీలు వాళ్ళవి. కాంట్రాక్టు లైసెన్సు మనోడిది, బిల్లు డబ్బులు వాళ్ళవి. అట్లాంటి వాళ్ళకు ఒక ఆదివాసీ ఎమ్మెల్యే సంతకం ఎంత విలువైందో లెక్క కట్టడం కష్టం కాదు. మైదానంలో రియల్ ఎస్టేట్ మీద పెట్టే పెట్టుబడిని ఇక్కడ అభ్యర్థి మీద పెడతారు.

చట్టంలో ఇంకో వింత చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ ప్రకారం ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తున్న మనిషి ఆ ప్రభుత్వపు చట్టసభకు పోటీ చేయడానికి అనర్హుడు. ప్రయోజనాల గొడవ వస్తదని. మంచిదే. కానీ అదే కాంట్రాక్టరు ఎవరినైనా నిలబెట్టి మొత్తం ఖర్చు పెట్టుకోవచ్చు, దాన్ని అనర్హత అనరు. కాంట్రాక్టరు నామినేషన్ వేయకూడదు, కాంట్రాక్టరు నోటు మాత్రం వేయొచ్చు.

పైకి పోయే కొద్దీ ఈ కథే పెద్దగా కనపడుతది. 2018లో ఎన్నికల బాండ్లు తెచ్చారు. అంతకు ముందే, 2017లో, కంపెనీలు తమ లాభాల్లో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న పరిమితి తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మార్చిలో పేర్లు బయటికి వచ్చాయి. మీలో ఎంతమంది ఆ జాబితా చదివారు? 2019 ఏప్రిల్ తర్వాతి లెక్కలో బీజేపీకి 6,000 కోట్లకు పైగా. మన దగ్గరి బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా, వైఎస్సార్‌సీపీకి 330 కోట్లకు పైగా, టీడీపీకి 210 కోట్లకు పైగా. కాంగ్రెస్‌కు 1,400 కోట్లకు పైగా. కొన్నవాళ్ళలో రెండో స్థానం మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. పోలవరం ప్రాజెక్టు పనులు చేస్తున్న కంపెనీ అది. ఆ ప్రాజెక్టు కింద మునిగేది కోయ, కొండరెడ్డి గూడేలు. ఆ జాబితాలోనే వేదాంత ఉంది, దాదాపు 400 కోట్లతో. వేదాంత అంటే నియంగిరి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు పెడితే 12కు 12 డోంగ్రియా కోందులు వద్దన్నారే, ఆ కొండ మీద కన్నేసిన కంపెనీ.

ఏ రూపాయికి ఏ పని జరిగిందని నేను చెప్పట్లేదు. నా ప్రశ్న చిన్నది. నియంగిరి గ్రామసభలో చెయ్యెత్తిన అవ్వ దగ్గర ఏ పార్టీ చందా అడిగింది? పోలవరం నిర్వాసితుల కాలనీలో ప్యాకేజీ కోసం ఎదురుచూసే కుటుంబం దగ్గర ఎవరు అడిగారు? పార్టీ తన ఖర్చు కోసం ఎవరి గుమ్మం ముందు నిలబడితే వాళ్ళ మాట వినడం అలవాటవుతది. మన గుమ్మానికి ఇవ్వడానికి వస్తారు, అడగడానికి రారు. బాండ్లు పోయాయి, ఎలక్టోరల్ ట్రస్టులు ఉన్నాయి. దారి మారింది, గుమ్మం మారలేదు.

అడగడానికి మన గుమ్మానికి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. భద్రాచలంలో కుంజా బొజ్జి మూడుసార్లు ఎమ్మెల్యే. తర్వాత సున్నం రాజయ్య కూడా మూడుసార్లు. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు. ముగ్గురూ మన ఆదివాసీ బిడ్డలే. సైకిలు, బస్సు, ఆటో ఎక్కి తిరిగినవాళ్ళని ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెప్తారు. నేను ఆ పార్టీల మనిషిని కాదు, వాళ్ళ పార్టీలతో నాకు పేచీలు చాలా ఉన్నాయి. (ఆదివాసీ ఉద్యమాన్ని కూలీ సమస్యగా మాత్రమే చూడటం అందులో ఒకటి, దాని మీద ఇంకోసారి రాస్తా.) కానీ వాళ్ళ ఎన్నికల ఖర్చు ఎక్కడి నుంచి వచ్చేదో మా తాత చెప్పేవాడు. మిర్చి కోతకు పోయిన కూలీలు ఒకరోజు కూలీ ఇచ్చేవాళ్ళట, గోడల మీద సున్నం రాతలు మనోళ్ళే రాసేవాళ్ళట. అప్పుడూ అవతల డబ్బున్న వాళ్ళు ఉన్నారు, భూస్వాములు, కలప కాంట్రాక్టర్లు. అయితే గోడ రాతకూ డప్పుకూ అయ్యే ఖర్చును కూలీ పైసలతో ఎదుర్కోవచ్చు. డీజేకు, డ్రోన్‌కు, ఓటుకు వెయ్యికి ఎదురు నిలబడాలంటే కూలీ పైసలు చాలవు. నర్సయ్య 2004 తర్వాత మళ్ళీ గెలవలేదు. దానికి పొత్తులు, చీలికలు అని వంద కారణాలు చెప్తారు, నిజమే కావచ్చు. కానీ ఆయన లాంటి మనిషిని ఇవాళ ఏ పెద్ద పార్టీ అయినా టికెట్‌కు పిలుస్తదా?

"మనోళ్ళే పైసలు తీసుకుంటున్నారు కదా, పార్టీలను ఎందుకు తిడతావ్?" అని కామెంట్ పెట్టేవాళ్ళు ఉంటారు, ముందే చెప్తా. అవును, తీసుకుంటున్నారు. పనులు లేని నెలలో, చేతిలో నూరు రూపాయలు లేని ఇంట్లో వెయ్యి రూపాయలు ఇస్తే తీసుకోకుండా ఉండేందుకు మన అమ్మలు రుషులు కారు. అదే వెయ్యి మైదానంలో ఏసీ కార్లున్న ఇళ్ళకూ చేరుతది, వాళ్ళూ తీసుకుంటారు. వాళ్ళను ఎవరూ "అమ్ముడుపోయిన జాతి" అనరు. ఆ మాట మన మీదనే పడుతది. ఓటరును తిట్టడం సులువు. ఆ నోట్ల కట్ట ఎవరి బీరువాలోంచి బయలుదేరిందని అడగాలంటే గుండె కావాలి.

ఇంకో మాట కూడా వస్తది, పైసలు పెట్టినవాళ్ళంతా గెలవరని. అదీ నిజమే. కోట్లు పోసి ఓడినవాళ్ళు మన జిల్లాల్లోనే ఉన్నారు. 2024లో రంపచోడవరంలో అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసిన మిరియాల శిరీషాదేవి ఎమ్మెల్యే అయ్యారు, చూసి సంతోషించాను. కానీ ఆమె పెద్ద పార్టీ టికెట్ మీద గెలిచారు. పార్టీ ఎత్తుకుంటే పేదింటి బిడ్డ గెలవగలదని ఆ గెలుపు చెప్తది. పార్టీ ఎత్తుకోని అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు, వాలంటరీ టీచర్లు ఎంతమంది? డబ్బు ప్రతిసారీ గెలుపును నిర్ణయించదు. ఎవరు బరిలో దిగాలో మాత్రం దాదాపు ప్రతిసారీ అదే నిర్ణయిస్తది. పోలింగ్ రోజుకు మన చేతికి వచ్చే జాబితా అప్పటికే జల్లెడ పట్టిన జాబితా.

ఏం చేయాలి? ప్రభుత్వమే ఎన్నికల ఖర్చు భరించాలని కొందరు పెద్దలు చెప్తారు. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ కూడా అదే చెప్పింది, డబ్బుగా కాకుండా వస్తు రూపంలో ఇవ్వమని. అయితే గుర్తింపు పొందిన పార్టీలకే ఇవ్వాలంది, స్వతంత్రులకు వద్దంది. అంటే మా ఎంపీటీసీ అన్న లాంటివాళ్ళకు అందులోనూ చోటు లేదు. ఆ రూపంలో వస్తే నేను దాన్ని అడగను.

నేను అడిగేవి వేరే. నియోజకవర్గంలో పార్టీ పెట్టే ప్రతి రూపాయీ అభ్యర్థి లెక్కలో కలవాలి, హెలికాప్టర్‌తో సహా. 1974 తీర్పు చెప్పింది అదే. షెడ్యూల్డ్ ఏరియాలో గని లీజు, ఇసుక పని, ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్నవాడు, వాటికి దరఖాస్తు పెట్టుకున్నవాడు ఇక్కడి అభ్యర్థికి గానీ, అభ్యర్థి పార్టీకి గానీ పైసా ఇవ్వకూడదు. 9ఏ సెక్షన్ మనిషికి పెట్టిన అడ్డం అతని డబ్బుకూ పెట్టాలి. ఎస్టీ సీట్లలో ప్రతి అభ్యర్థీ చందా ఇచ్చినవాళ్ళ పేర్లు పోలింగ్‌కు ముందే గ్రామసభలో చదివి వినిపించాలి. ఓటు వేశాక తెలిసి ఏం లాభం? ఇవి రేపే రావని తెలుసు. కానీ ఏ పార్టీ ఆదివాసీ డిక్లరేషన్‌లోనూ, ఏ మేనిఫెస్టోలోనూ ఈ మూడింటిలో ఒక్కటి కూడా నాకు కనపడలేదు. మీకు కనపడితే చూపించండి.

చట్టం మారేదాకా ఆగక్కర్లేని పని ఒకటి ఉంది. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చుల లెక్క ఇవ్వాలి. అది రహస్య పత్రం కాదు. ఎవరైనా పోయి చూడొచ్చు, కాపీ అడగొచ్చు, వెబ్‌సైట్‌లో కూడా పెడతారు. అందులో డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మూడు పట్టికలు ఉంటాయి. సొంత డబ్బు ఎంత, పార్టీ ఇచ్చింది ఎంత, ఇతరులు అప్పుగా, చందాగా ఇచ్చింది ఎంత. మూడో పట్టికలో పేర్లు రాయాలి. తెలంగాణ 12 సీట్లవి 2023 లెక్కలు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ 7 సీట్లవి 2024 లెక్కలు ఉన్నాయి. ఒక్కో సీటుకు ఇద్దరు ముగ్గురు డిగ్రీ చదివిన పిల్లలు కూర్చుంటే గెలిచినవాళ్ళవి, రెండో స్థానంలో వచ్చినవాళ్ళవి తీయొచ్చు. ఆ మూడో పట్టికలో పేర్లు ఉంటే, ఆ పేర్ల మీద మీ మండలంలో ఏ పనులు నడుస్తున్నాయో సమాచార హక్కు కింద ఐటీడీఏను, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖను అడగండి. పేర్లు లేకుంటే, పట్టిక ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ పేజీనే ఫొటో తీసి పక్కన ప్రచారంలో తిరిగిన కార్ల కాన్వాయ్ ఫొటో పెట్టి ఈ పేజీకి పంపండి. భద్రాచలం, పినపాక, ఇల్లెందు లెక్కలు తీయడానికి మేము ఐదుగురం సిద్ధం. మిగతా సీట్లకు ఎవరు ముందుకొస్తారో కింద రాయండి.